ఈ అంకె ఎవరితో పోల్చి తీశారు?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుకు మూలం విశాఖపట్నంలో ఉంది. అక్కడ నీట్‌కు చదువుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి కోర్టుకెక్కితే, న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించారు. అంతటితో ఆగలేదు. చట్టం వచ్చేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ, కోచింగ్ సెంటర్లతో సహా, పాటించాల్సిన పదిహేను మార్గదర్శకాలు రాశారు. వంద మందీ అంతకు మించీ విద్యార్థులున్న చోట, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టకూడదు. విశాఖలో పుట్టిన కేసు తీర్పు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి కోచింగ్ సెంటర్లకూ వర్తిస్తుంది. విశాఖకూ భిలాయికీ చుట్టరికం ఎలాగూ పాతదే. భిలాయి ఉక్కు ప్లాంటుకు 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల వాళ్లు భిలాయి రైలెక్కుతూనే ఉన్నారు. పట్టాలకు అవతల ప్లాంటు వారి సెక్టార్లు, ఇవతల జీఈ రోడ్డు వెంట సుపేలా బజారు. ఇక్కడి తెలుగింటి పిల్లాడు నాయనమ్మతో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కొట్టు దగ్గర హిందీ, బళ్లో ఇంగ్లిష్ మాట్లాడతాడు. ఉక్కుతో పాటు ఐఐటీ కోచింగ్‌కూ పేరుపడ్డ ఊరి పేరు మీద 2016లో ఐఐటీయే వచ్చింది.

కౌన్సెలర్ రావడం మంచిదే. వచ్చాక ఏం చేస్తారన్నదే ప్రశ్న. ఎదురుగా అయిదు వందల మంది పిల్లలుంటే, ఒక్కొక్కరితో గంట కూర్చుని ఒక విడత ముగించేసరికి మూడు నెలలు దాటుతుంది. కాబట్టి ముందుగా వచ్చేది కాగితం. ఒక ప్రశ్నావళి పంచడం, టిక్కులు పెట్టించడం, కూడడం, ఎక్కువ వచ్చిన వాళ్లను పిలవడం. బుద్ధి కొలిచేందుకు ఒక టెస్టు, దిగులు కొలిచేందుకు ఒకటి, ఏ కోర్సు నప్పుతుందో చెప్పేందుకు ఇంకొకటి. ఈ కాగితాలను నేను వద్దనను. కానీ కాగితం చివర వచ్చే అంకెను ఒక ప్రశ్న అడగకుండా ఎవరూ ఒప్పుకోకూడదు: ఇది ఎవరితో పోల్చి తీసిన అంకె? సుపేలా లాంటి చోట ఈ ప్రశ్నకు చాలాసార్లు సరైన జవాబుండదు. జవాబు లేకపోయినా రిపోర్టు మాత్రం ధీమాగా వచ్చేస్తుంది.

మానసిక పరీక్ష థర్మామీటర్ లాంటిది కాదు. థర్మామీటర్‌కు ఎవరి ఒళ్లయినా ఒకటే. ఐక్యూ 85 అన్నప్పుడు పిల్లాడి తలలో 85 అనే సరుకేమీ లేదు. ఆ టెస్టు తయారుచేసిన రోజుల్లో అదే వయసు పిల్లలు కొన్ని వందల మందికో వేల మందికో పెట్టి చూశారు. వాళ్ల సగటును 100 అనుకున్నారు. ఈ పిల్లాడు ఆ గుంపులో ఎక్కడ నిలబడతాడో చెప్పేదే ఆ 85. ఆ గుంపే ఇక్కడ తూకం రాయి. రాయి ఏ ఊరిదో తెలియకుండా తూకం గురించి మాట్లాడటం వ్యర్థం. మన దేశంలో స్పెషల్ స్కూళ్లలో, క్లినిక్‌లలో ఇంకా వాడుకలో ఉన్న బినె-కామత్ టెస్టును వి.వి. కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారుచేశారు. భిలాయి మీదుగా పోయే రైలు మార్గంలో పడమరగా ఉన్న నాగపూర్‌లో మాలిన్ 1969లో అమెరికన్ వెక్స్‌లర్ టెస్టును భారతీయ పిల్లలకు అనువుగా మార్చారు. తమ కాలానికి రెండూ గొప్ప పనులే. ఇంత పాత రాయితో తూస్తే ఏమవుతుంది? తరం మారేకొద్దీ పిల్లలు ఇలాంటి టెస్టుల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం ఎన్నో దేశాల్లో కనిపించింది. అంచేత పాత గుంపుతో పోలిస్తే ఇవాళ్టి పిల్లాడి స్కోరు ఉన్నదానికన్నా పైకి పోతుంది. తనది కాని భాషలో అడిగితే కిందికి దిగుతుంది. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయా, ఏదో ఒకటి పైచేయి అవుతుందా అన్నది ఆ ఒక్క పిల్లాడి విషయంలో చెప్పగలిగిన వాళ్లు లేరు.

భాష సంగతి ఊహాగానం కాదు. 1913 ప్రాంతంలో న్యూయార్క్ ఓడరేవు ఎల్లిస్ ఐలాండ్‌లో హెన్రీ గొడార్డ్ అనే సైకాలజిస్టు, అప్పుడే ఓడ దిగిన వలస జనంలో కొందరిని ఎంచి బినె టెస్టు పెట్టించాడు. రోజుల తరబడి సముద్రం మీద ఉండి, దుబాసీ సాయంతో జవాబులు చెప్పిన ఆ మనుషుల్లో యూదుల్లో 83 శాతం, ఇటాలియన్లలో 79 శాతం, రష్యన్లలో 87 శాతం మందబుద్ధులని లెక్క తేల్చాడు. లెక్కలో కూడికలు తప్పలేదు. తప్పంతా రాయిలో ఉంది. అరవై ఏళ్లకు కాలిఫోర్నియాలో ఇదే కథ కోర్టుకు వచ్చింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లల్ని ఇంగ్లిష్‌లో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో కూర్చోబెట్టారు. స్పానిష్ తెలిసిన పరీక్షకుడు వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, ఎక్కువ మంది మందబుద్ధులని తేల్చే గీత దాటి పైకొచ్చేశారు. 1970లో, డయానా కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో రాజీ కుదిరి, పిల్లల్ని ఇంటి భాషలో కూడా పరీక్షించాలన్న నియమం వచ్చింది. ఆ పిల్లల బుద్ధి రెండు పరీక్షల మధ్యలో పెరగలేదు కదా. అడిగే మనిషి మారాడు, అడిగే భాష మారింది.

ఇప్పుడు ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం. డిప్రెషన్ గుర్తించడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో ఈ ఇబ్బంది ఎన్ని రోజులు కలిగిందో చెప్పాలి. అసలు లేకపోతే 0, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడమని అర్థం. పైసా ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. దీన్ని ప్లాంటులో వారం వారం షిఫ్టు మారే ఒక కార్మికుడి చేతికిచ్చామనుకోండి. రెండు వారాల్లో సగం రాత్రులు కొలిమి దగ్గరే గడిచాయి. నిద్ర సరిగా పట్టడం లేదా? పగలు రేకుల ఇంట్లో, బజారు హోరులో ఎవరికి పడుతుంది, 3. నీరసమా? 3. ఆకలి తేడాగా ఉందా? తెల్లారి ఆరున్నరకు అన్నం తినే మనిషికి ఉండదా, 3. దేనిమీదా దృష్టి నిలవడం లేదా? కొన్నాళ్లు, 1. దిగులు అన్న మాట రాకుండానే పది అయిపోయింది. ఈ మనిషికి కావలసింది మందు కాదు, షిఫ్టు మార్పు. పరీక్షల సీజన్‌లో ఉన్న కోచింగ్ కుర్రాడి నిద్ర, ఆకలి, నీరసం కూడా ఇంచుమించు ఇదే లెక్క చెబుతాయి.

దీనికి రెండో వైపు ఇంకా భయంకరంగా ఉంటుంది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. ఈ కాగితం కోచింగ్ ఆఫీసు బల్ల మీదుగా ఇంటికి పోతుందని పిల్లాడికి తెలిస్తే అక్కడ సున్నా పెడతాడు. మొత్తం ఎనిమిది వచ్చి ‘బాగున్నారు’ కట్టలో చేరిపోతాడు. ఆ ప్రశ్నకు సున్నా కాని జవాబేది వచ్చినా, మొత్తం ఎంతైనా, ఆ రోజే మనిషితో మనిషి కూర్చుని మాట్లాడాలి. అలా మాట్లాడే మనిషి లేని చోట ఆ ప్రశ్న అడగనే కూడదు. (రాత్రివేళ ఎవరూ దొరకనప్పుడు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది. నంబరు గోడ మీద రాసుంటే చాలదు, పిల్లల దగ్గర ఫోన్ ఉండాలి.)

లెక్క కూడా వేసి చూద్దాం. 2001లో ఈ ప్రశ్నావళిని ప్రచురించినప్పుడు, పది దగ్గర గీత గీస్తే నిజంగా జబ్బున్న వాళ్లలో 88 శాతాన్ని పట్టుకుంటుందని, లేని వాళ్లలో 88 శాతాన్ని సరిగా వదిలేస్తుందని తేల్చారు. వినడానికి బాగానే ఉంది. వెయ్యి మంది పిల్లల్లో వంద మందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. ఈ వంద మరీ గాలిలోంచి తీసింది కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. కాగితం వందలో 88 మందిని పట్టుకుంటుంది. సమస్య లేని 900 మందిలో 108 మందిని కూడా పట్టుకుంటుంది. అంటే కౌన్సెలర్ గుమ్మం ముందు 196 మంది నిలబడితే, అందులో సగానికి పైగా ఊరికే భయపడి వచ్చిన వాళ్లే. సమస్య ఉండీ చిక్కని పన్నెండు మంది క్లాసులో కూర్చునే ఉంటారు. కాబట్టి స్కోరు రోగం పేరు కాదు, పలకరింపుకు ఒక సాకు మాత్రమే. అన్నట్టు, ఆ జాతీయ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. తెలుగువాళ్ల మనసు గురించి ఆ సర్వేలో ఏమన్నా దొరుకుతుందంటే, అది ఇలా బయటి రాష్ట్రాల్లో బతుకుతున్న మనవాళ్ల ఇళ్లలోంచి రావాల్సిందే.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. టెస్టులు లేకపోతే ఏముంటుంది? కౌన్సెలర్ అభిప్రాయం. అది కులాన్ని, యాసను, వేసుకున్న చొక్కాను చూసి మారదా? 1954లో పాల్ మీల్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక చిన్న పుస్తకం రాశాడు. మనుషులు ముందుముందు ఎలా ఉంటారో అంచనా వేయడంలో అనుభవజ్ఞుడైన నిపుణుడి తీర్పు కన్నా మామూలు లెక్క సూత్రం తక్కువ తినదని, చాలాసార్లు మెరుగని చూపించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన పరిశోధన అతన్ని పెద్దగా కాదనలేదు. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ‘నాకు మొహం చూస్తే తెలిసిపోతుంది’ అనే కౌన్సెలర్ కన్నా చెత్త టెస్టు కూడా కొన్నిసార్లు నయం. అయితే మీల్ సూత్రాలన్నీ అవి ఎవరి మీద వాడబోతున్నారో అలాంటి మనుషుల సమాచారంతో తయారైనవి. సుపేలా తెలుగు పిల్లల సమాచారంతో తయారైన సూత్రం మన దగ్గర లేదు. లేని సూత్రం గొప్పతనాన్ని చూపించి, ఉన్న వేరే సూత్రాన్ని నమ్మమంటే ఎలా?

ఇంకో ఆక్షేపణ ఇక్కడి వాళ్లే చేస్తారు. మా పిల్లలు మూడో తరం వాళ్లు, తెలుగు కన్నా హిందీయే బాగా వచ్చు, హిందీలో టెస్టు పెడితే సరిపోదా? చాలామందికి సరిపోవచ్చు. తెలుగు లిపి ముట్టుకోని పిల్లాడికి తెలుగు అనువాదం ఇవ్వడం ఇంకో రకం అన్యాయం. పరిష్కారం అనువాదం ఒక్కటే అని నేను అనడం లేదు. రెండు మూడు భాషల్లో పెరిగే పిల్లల మాటలు ఒక్క అరలో ఉండవు. వంటింటి మాటలు, అలకలు, జ్వరాలు, భయాలు తెలుగులో ఉంటాయి. లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో, దెబ్బలాట హిందీలో. ఏ ఒక్క అర తెరిచి లెక్కపెట్టినా సరుకు తక్కువే కనిపిస్తుంది. ‘ఉదాస్’ అన్న హిందీ మాటకు తల ఊపని పిల్లాడు ‘బెంగగా ఉందా’ అంటే తల దించుకోవచ్చు. ‘డిప్రెషన్’ అంటే నవ్వేసే తండ్రి, ‘గుండెలో గుబులుగా, నరాలు లాగేసినట్టుగా ఉంటోందా’ అంటే కుర్చీ ముందుకు లాక్కుని కూర్చోవచ్చు. ఏ భాషలో అడగాలన్నది తేల్చుకోవడమే మదింపులో మొదటి మెట్టు. టెస్టు ఆ తర్వాత.

ఈ పని చేయలేనిది కాదు. చేసి చూపించిన వాళ్లున్నారు. జ్ఞాపకశక్తి పరీక్షకు 1975 నుంచి డాక్టర్లు వాడే ముప్ఫై మార్కుల ఎంఎంఎస్‌ఈలో ఒక వాక్యం చదివి చెప్పినట్టు చేయమని, ఒక వాక్యం రాయమని ఉంటుంది. చదువురాని పల్లె ముసలాయనకు అక్కడే మార్కులు పోతాయి, మతి పోయిందని ముద్ర పడుతుంది. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం తయారుచేసిన హిందీ రూపంలో దీన్ని మార్చారు. ‘నా మొహం చూసి నేను చేసినట్టే చేయి’ అని పరీక్షకుడు కళ్లు మూసుకుంటాడు. వాక్యం రాయమనే బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటాడు. కొలిచేది అదే, బడికి వెళ్లని పాపానికి శిక్ష లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఆ ఊళ్లో 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం అది. ఒక్క భాషే తెలిసిన వాళ్ల కన్నా రెండో భాష కూడా మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. అక్షరం ముక్క రాని వాళ్లలోనూ తేడా కనిపించింది. చదువు వల్ల కాదు, భాషల వల్లే అని చెప్పగలగడానికి ఆ నిరక్షరాస్యులే ఆధారమయ్యారు. రోగి స్థితికి తగిన పరీక్ష లేకపోతే వాళ్లంతా లెక్కలోకే వచ్చేవాళ్లు కాదు. ప్లాంటులో రిటైరై సుపేలాలో స్థిరపడ్డ పెద్దాయన సిక్కోలు తెలుగూ భిలాయి హిందీ కలిపి మాట్లాడతాడు. ఆయన్ని ఇంగ్లిష్ ఫారంతో పరీక్షించి ‘మతి తగ్గిపోయింది’ అని రాసేవాళ్లు ముందు ఈ పరిశోధన చదవాలి.

వేలిముద్రలు తీసి పిల్లాడి మెదడు చెబుతామనే డీఎంఐటీ వ్యాపారం గురించి ఎక్కువ రాయడం దండగ. దానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత మనోవైద్యుల సంఘమే చెప్పింది. కానీ తల్లిదండ్రులు ఎందుకు నమ్ముతారో చెప్పడానికి 1948లో బెర్ట్రామ్ ఫోరర్ చేసిన చిలిపి పని చాలు. 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే రిపోర్టు ఇచ్చాడు. అందులో వాక్యాలు ఎక్కువగా బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. మీకెంత సరిపోయిందంటే అయిదుకు సగటున 4.26 వేశారు. మన చిలక జోస్యం వాడికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వాడు తీసుకునేది పది రూపాయలు, రంగుల కవరులో పెట్టి ఇచ్చేవాళ్లు తీసుకునేది వేలల్లో.

అసలు ప్రాణం మీదకు వచ్చేది సర్టిఫికెట్ల దగ్గర. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందిని కూడా చేర్చింది. సర్టిఫికెట్ ఉన్న పిల్లాడికి బోర్డు పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. నిజంగా అవసరమైన పిల్లలకు ఇది వరం. కానీ ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లాడు మూడో తరగతిలో ఇంగ్లిష్ చదవలేకపోతే అది డిస్‌లెక్సియానా, తనది కాని భాషలో చదువు మొదలవడమా? ఒక్క భాషలో చూస్తే తేల్చలేం. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ‘డాలీ’ పేరుతో తెచ్చిన పరీక్ష మొదట్లోనే హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్ నాలుగింటిలో ఎందుకు వచ్చిందంటే, మన దేశంలో పిల్లాడు ఒక్క లిపితో చదువుకోడు గనుక. ఐక్యూ సంగతీ అంతే. 68 అని రాసిన చోట నిజం సుమారు 63 నుంచి 73 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. గీత 70 దగ్గర ఉంటే, ఆ అయిదు పాయింట్ల అటూ ఇటూ ఒక పిల్లాడి బడినే మార్చేస్తుంది.

ఇంత తీరికెక్కడిది, ఉన్నదే ఒక కౌన్సెలర్ కదా అంటారు. నేను అడుగుతున్న దానికి తీరిక అక్కర్లేదు, రిపోర్టులో మూడు వాక్యాలు చాలు. ఏ టెస్టు, ఏ సంవత్సరంలో ఏ ఊరి పిల్లలతో పోల్చి తయారైంది. సూచనలు ఏ భాషలో ఇచ్చారు, పిల్లాడు ఏ భాషలో జవాబు చెప్పాడు. స్కోరు ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చు. సంతకం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. 1992 చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుకు అది ఉండాలి, స్కూలు కౌన్సెలర్‌కు ఉండకపోవచ్చు. నంబరు లేని వాళ్లు బుద్ధి తక్కువని రాసే కాగితం ఇవ్వకూడదు, పలకరించి పంపాలి. పెద్ద పనికి దారి కూడా దగ్గరలోనే ఉంది. మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉంది. దాని అజమాయిషీలో నడిచే ప్రాంతీయ కేంద్రం రాజ్‌నంద్‌గావ్‌లో ఉంది. తెలుగు తెలిసిన సంస్థ, ఛత్తీస్‌గఢ్‌లో గుమ్మం. సుపేలాలో ఏ బడి పిల్లాడి మీద అనుమానం వచ్చినా, ముద్ర వేసే ముందు అతన్ని తెలుగూ హిందీ రెండూ వచ్చిన ఒకరి ఎదుట కూర్చోబెట్టే ఏర్పాటు అక్కడి నుంచి మొదలుపెట్టమని ఇక్కడి తెలుగు సంఘాలు అడగొచ్చు. పండగకు కళ్యాణ మండపం అడిగినంత గట్టిగా అడగాలి మరి. రాజ్‌నంద్‌గావ్ ఇక్కడి నుంచి దుర్గ్ మీదుగా రైల్లో గంట ప్రయాణమే.